ఆవకాయ సీసా

ఉగాది సంచికకి ఏదైనా రాసిమ్మని మన సంపాదకవర్గంవారు అడిగినప్పుడల్లా "నాకేం రాయడం వచ్చండీ, వంటలయితే చెప్పగలను" అని ఇన్నేళ్ళూ తప్పించుకున్నాను. ఈసారి వాళ్ళు అడక్కముందే నేనే రాస్తానన్నాను. పైన పేరు చూసి ఇదేదో పచ్చళ్ళ వ్యాసమనుకుని మగవాళ్ళు పేజీ తిప్పెయ్యకండి. ఇది ఉద్యోగం పోవడం గురించి.

కారణం లేకపోలేదు. ఈమధ్య మన కుటుంబాల్లో ఒకరిద్దరు పిల్లలకి ఉద్యోగాలు పోయాయని చెవిన పడింది. చెవిన పడింది అనే అంటున్నాను, ఎందుకంటే ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. కార్యక్రమాలకి రావడం మానేశారు. ఎందుకమ్మా అంటే "పని ఒత్తిడి ఆంటీ" అన్నారు. ఆ మాట వినగానే పాతికేళ్ళు దాటిన సంగతి ఒకటి గుర్తొచ్చి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మేము సింగపూర్ వచ్చింది 1994లో. మావారిది భీమవరం దగ్గర పల్లెటూరు. కాకినాడలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో నాలుగేళ్ళు పనిచేసి, జురాంగ్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో యంత్రాలు చూసే ఇంజనీరుగా చేరారు. జురాంగ్ అంటే 1961 నుంచి చిత్తడి నేలల్ని పూడ్చి, గుట్టల్ని చదునుచేసి కట్టిన పారిశ్రామికవాడ అని మీకు తెలిసిందే. మన తెలుగు ఇంజనీర్లు చాలామంది ఆ ఫ్యాక్టరీల్లోనే ఉండేవారు. అప్పట్లో కంప్యూటర్లలో వాడే హార్డ్ డిస్కుల తయారీకి సింగపూర్ పెట్టింది పేరు. రాత్రి షిఫ్టు బస్సుల్లో కూడా తెలుగు మాటలు వినబడేవి.

1996లో మాకు పీఆర్ వచ్చింది. నీలం కార్డు చేతికి రాగానే ఇంక ఇల్లు కొనకపోతే ఎలా అని, 1997 మొదట్లో జురాంగ్ ఈస్ట్ స్ట్రీట్ 21లో నాలుగు గదుల పాత ఫ్లాటు కొన్నాం. ధరలు ఆకాశంలో ఉన్న సమయమది. అయినా భయం లేదు, వాయిదా మావారి సీపీఎఫ్‌లోంచి దానంతటదే కట్టుకుపోయేది. జీతం చేతికొచ్చేసరికి ఇంటి ఖర్చు, అత్తగారూ మామగారికి నెలనెలా పంపే డబ్బు, అంతే.

1997 జులై 2న థాయిలాండు తన బాత్ విలువని ఇంక నిలబెట్టలేక వదిలేసింది. తర్వాత మలేషియా రింగిట్, ఇండొనేషియా రూపయా, కొరియా వాన్ పేకమేడల్లా పడ్డాయి. 1998 మే నెలలో జకార్తా తగలబడింది, 21వ తేదీన సుహార్తో దిగిపోయాడు. మేము భోజనాలు చేస్తూ టీవీలో అదంతా చూసి "పాపం" అనుకున్నాం. చుట్టుపక్కల ఇళ్ళన్నీ అంటుకుంటే మధ్యనున్న ఇంటికి సెగ తగలదా? ఆ ఏడాది ఉగాదికి వచ్చిన సంవత్సరం పేరు బహుధాన్య. పేరులో ధాన్యానికి లోటు లేదు కానీ, ఆ 1998లో సింగపూర్‌లో ఉద్యోగాలు పోయినవాళ్ళు సుమారు 29 వేలమంది. అంతకుముందు ఎన్నడూ అంతమందికి పోలేదు.

ఆ 29 వేలలో మావారొకరు. జాతీయ దినోత్సవం ఆ ఏడు ఆదివారం వచ్చింది, సోమవారం సెలవిచ్చారు. మంగళవారం, ఆగస్టు 11, పొద్దున్న పదకొండింటికి తలుపు చప్పుడైంది. చూస్తే మావారు, చేతిలో అట్టపెట్టె. అందులో కాఫీ కప్పు, కాలిక్యులేటరు, మావాడి ఫొటో. వరండా పొడుగునా ఇంకా ఎర్ర తెల్ల జెండాలు వేలాడుతున్నాయి. పెట్టె కింద పెట్టి "ఇరవైమందిమి" అన్నారు. అంతే. నాలుగేళ్ళకి నాలుగు నెలల జీతం ఇచ్చారు. పోయినవాళ్ళకి ఏమీ ఇవ్వని కంపెనీలు కూడా ఉన్న రోజుల్లో అది మంచి లెక్కే.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నాం. ఎవరికీ చెప్పకూడదు. "పది పదిహేను రోజుల్లో ఇంకోటి దొరుకుతుంది. అప్పుడు కంపెనీ మారానని చెబితే సరిపోతుంది కదా" అన్నారు మావారు. నాకూ సబబుగానే తోచింది. ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో పడటం ఎందుకు? మామగారికి అసలే రక్తపోటు. ఆ పదిహేను రోజులూ మూడు నెలలయ్యాయి.

మరి చెప్పకూడదంటే మర్నాటి నుంచి ఏం చెయ్యాలి? పొద్దున్నే ఏడున్నరకి చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లు వేసుకుని, క్యారేజీ పట్టుకుని మావారు బయల్దేరేవారు. లిఫ్టు దిగి ఎంఆర్‌టీ వైపు నడిచేవారు. స్టేషను దాకా వెళ్ళి, లైబ్రరీ తెరిచేదాకా అటూ ఇటూ తిరిగి, లోపల కూర్చుని పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు రాసుకునేవారు. స్టేషనుకి అయిదు నిమిషాల దూరంలోని అదే లైబ్రరీ, మీ పిల్లలందరూ వెళ్ళేదే. మధ్యాహ్నం మూడింటికి, పిల్లలు బడినుంచి వచ్చే సందడిలో ఎవరూ చూడకుండా ఇంటికొచ్చేవారు. చెప్పుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

ఇదంతా ముఖ్యంగా ఎవరికోసం అంటే మా కింది అంతస్తు వాళ్ళకోసం. వాళ్ళది తెనాలి. ఆయన ప్లాస్టిక్ వస్తువులకి అచ్చులు డిజైను చేసే కంపెనీలో ఉండేవారు. వాళ్ళ పాపా మావాడూ ఒకే బడి, ఇద్దరూ రెండో తరగతి. ఆవిడ నాకంటే అయిదారేళ్ళు చిన్న, "అక్కయ్యగారూ" అని పిలిచేది. మా ఇంట్లో గ్రైండరు లేదు, వాళ్ళ ఇంట్లో పెద్ద ఇడ్లీపాత్ర లేదు. అవి మెట్లమీద ఎక్కుతూ దిగుతూ ఉండేవి. రోజుకి రెండుసార్లు చూసుకోనిదే ఇద్దరికీ పొద్దుపోయేది కాదు. ఆగస్టు తర్వాత నేను దిగడం తగ్గించాను. ఆవిడ ఎక్కడమూ తగ్గింది. నేను గమనించాను కానీ, అది నాకు సదుపాయంగా ఉందనే అనుకున్నాను.

సెప్టెంబరు ఆఖరి వారంలో ఒక సాయంత్రం ఆవిడ పైకి వచ్చింది. ఒక చేతిలో మా ఇడ్లీపాత్ర, తోమి మెరిపించి. రెండో చేతిలో పెద్ద గాజుసీసా. "దసరాకి ఊరెళుతున్నాం అక్కయ్యగారూ, రెండు వారాలు. ఈ ఆవకాయ మీరు వాడుకోండి, పాడైపోతుందేమో" అంది.

చదివే ఆడవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. మగవాళ్ళకోసం చెబుతాను. ఆవకాయ ఏడాది నిలవుండే పచ్చడి. వేసవిలో వాళ్ళమ్మ పెట్టి, విమానంలో ఒలక్కుండా నాలుగు కవర్లు చుట్టి పంపిన పచ్చడి. దాన్ని రెండు వారాల ప్రయాణానికి ఎవరూ పంచిపెట్టరు. పైగా అక్టోబరులో పిల్లలకి సంవత్సరాంత పరీక్షలు. మావాడికున్న పరీక్షలే వాళ్ళ పాపకీ ఉన్నాయి. ఏ తల్లి ఆ సమయంలో పిల్లని బడి మాన్పించి దసరాకి తీసుకెళుతుంది?

అన్నీ నాకు ఆ గుమ్మంలోనే తెలిశాయి. అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆవిడ "మరి అన్నయ్యగారి కంపెనీలో ఎలా ఉంది?" అని అడుగుతుంది. అందుకని సీసా పుచ్చుకుని "సరేనమ్మా, జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాను. ఆవిడ ఒక నిమిషం అలాగే నిలబడి "మీవారు ఇంకా రాలేదా?" అంది. "ఈమధ్య పనెక్కువగా ఉంది" అన్నాను. మావారు లోపలి గదిలో లైటు తీసేసి కూర్చుని ఉన్నారు.

రెండు వారాలకి ఊరెళ్ళేవాళ్ళని కూడా చాంగీ దాకా వెళ్ళి సాగనంపే రోజులవి. మేము వెళ్ళలేదు. మావాడికి జ్వరమని ఫోనులో చెప్పాను.

అక్టోబరు మధ్యలో ఆ ఫ్లాటులోకి వేరేవాళ్ళు సామాను దింపుతుంటే, అప్పుడు మావారు చెప్పారు. సెప్టెంబరులో ఆయన్ని లైబ్రరీలో రెండుసార్లు చూశారట. మొదటిసారి "సెలవాండీ?" అని ఈయనా, "అవునండీ, మీకూనా?" అని ఆయనా పలకరించుకున్నారు. రెండోసారి ఇద్దరూ పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళకి పీఆర్ లేదు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ కంపెనీ పేరుమీద ఉంటుంది, కంపెనీ వద్దంటే పాసు పోతుంది, దానితో భార్యాపిల్లల పాసులూ పోతాయి. మాకు నీలం కార్డు ఉంది కాబట్టి ఆగగలిగాం. వాళ్ళకి మిగిలినవి కొద్ది రోజులే. ఆ కొద్ది రోజులూ ఆయన మావారి ఎదురుగా, పేపరు వెనకాల కూర్చుని గడిపారన్నమాట.

ఆ ఏడు కార్తీకమాసంలో, నవంబరులో ఒక ఆదివారం, తెలిసిన ఎనిమిది కుటుంబాలం కలిసి చైనీస్ గార్డెన్‌లో వనభోజనాలకి వెళ్ళాం. మావారు రానన్నారు, నేనే బలవంతాన తీసుకెళ్ళాను. ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుంది ఇక్కడ! టెక్కా మార్కెట్లో కొన్న నాలుగు ఉసిరికాయలు ఒక చెట్టు మొదట్లో పెట్టి దీపం వెలిగించాం. పులిహోర, దద్దోజనం, ముద్దపప్పు. నేను ఆ సీసాలోని ఆవకాయ తీసుకెళ్ళాను. ఎవరో వేసుకుని "అబ్బ, ఏం ఆవకాయండీ, మీరు పెట్టిందేనా?" అన్నారు. కాదండీ అని ఎవరు ఇచ్చారో చెప్పబోతే గొంతు పట్టేసింది. మొత్తం చెప్పేశాను. మావారికి ఆగస్టు నుంచి ఉద్యోగం లేదనీ, కింది ఇంటావిడకి నేను అబద్ధం చెప్పాననీ, వాళ్ళు వెళ్ళిపోయారనీ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మావారు విస్తట్లోకి చూస్తూ కూర్చున్నారు. అప్పుడు మూలనుంచి ఒకాయన "మాకు జులై నుంచీ లేదండీ" అన్నారు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ "మాకు ఈ నెలాఖరే ఆఖరు" అంది. ఎనిమిది కుటుంబాల్లో మూడిళ్ళలో ఒకటే రహస్యం! మూడిళ్ళవాళ్ళమూ మిగిలిన ఏడిళ్ళకి తెలియకుండా నెలల తరబడి దాచుకున్నాం. ఎవరికో నవ్వొచ్చింది, ఆ తర్వాత అందరికీ వచ్చింది.

ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. మాలో ఒక పెద్దాయన, ఫ్యాక్టరీలో మేనేజరుగా ఉన్నవారు, "అచ్చుల డిజైనా? మా కంపెనీలో అలాంటి మనిషికోసం సెప్టెంబరంతా వెతికామే! పాసు మేమే పెట్టుకునేవాళ్ళం" అన్నారు. ఆయన ఇల్లు మాకు రెండు బ్లాకుల అవతల. ఆ ఆవకాయ నేను మళ్ళీ వేసుకోలేకపోయాను.

ఆ రోజునుంచి మేము చేసింది పెద్ద గొప్పలేమీ కావు. వారాంతపు పేపరు మూడిళ్ళకీ కలిపి ఒకటే కొన్నాం, ఎవరి పనికి తగ్గ ప్రకటన కనబడితే వాళ్ళకి ఫోను చేశాం. ఒకరింట్లో కంప్యూటరూ ప్రింటరూ ఉన్నాయి, బయోడేటాలన్నీ అక్కడే. ఇంకొకాయన ఆఫీసులో ఫ్యాక్సు వాడుకోవడానికి వాళ్ళ బాసుని అడిగి ఒప్పించారు. నేను బీయస్సీ లెక్కలు చదివినదాన్ని, ఆ చదువు పెళ్ళితో పెట్టెలో పెట్టేశాను. ఆ డిసెంబరులో తీసి అయిదుగురు పిల్లలకి ట్యూషను మొదలుపెట్టాను, నెలకి నాలుగు వందల డాలర్లు. పద్దుల పుస్తకం ముందేసుకుని ఇంటి ఖర్చు పన్నెండు వందల నుంచి ఏడు వందల యాభైకి దించాను. శనివారం సెరంగూన్ ప్రయాణం నెలకోసారి అయింది. ఇల్లు అమ్ముదామంటే కొన్న ధర రాదు, వాయిదా నెలకి పదకొండు వందలు ఇప్పుడు చేతినుంచే కట్టాలి.

ఊరికి ఉత్తరం కూడా అప్పుడే రాశాం. అప్పటిదాకా కంపెనీ ఇచ్చిన నాలుగు నెలల జీతంలోంచే, నెల తప్పకుండా పంపుతూ వచ్చాం. మామగారు ఏమంటారో అని భయపడ్డాం. ఆయనేమీ అనలేదు. అత్తగారు ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి "ఇకమీదట మీరు చెయ్యకండి, ఫోను బిల్లు మీకు బరువు. ఆదివారం మేమే చేస్తాం" అన్నారు. ఆ రోజుల్లో ఇండియానుంచి సింగపూరుకి ఫోనంటే నిమిషానికి ఎంతో మీకు గుర్తుండే ఉంటుంది. ఉద్యోగం దొరికేదాకా ప్రతి ఆదివారం ఆవిడ చేశారు, రెండే నిమిషాలు. "తిన్నారా? పిల్లాడు బాగున్నాడా? ఉంటాను." ఉద్యోగం మాట ఒక్కసారి ఎత్తలేదు.

1999 మార్చిలో, ఉగాది వెళ్ళిన వారానికి, మావారికి పని దొరికింది. 2000 సంవత్సరం రాగానే యంత్రాల్లో తేదీలు తప్పుతాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులు కదా, వాటిని పరీక్షించే పని. ఏడాది కాంట్రాక్టు, జీతం పాతదానిలో మూడింట రెండు వంతులు. ఆ జనవరి 1 నుంచి సీపీఎఫ్‌లో యజమాని వాటా 20 శాతం నుంచి 10కి తగ్గించారు కనక ఇంటి వాయిదాలో కొంత చేతినుంచే వేసుకోవలసి వచ్చింది. అయినా మొదటి జీతం రోజు సేమ్యా పాయసం చేసుకున్నాం. మిగిలిన ఇద్దరిలో ఒకాయనకి మేలో దొరికింది. మూడోవారు హైదరాబాదు వెళ్ళిపోయారు. వాళ్ళని సాగనంపడానికి చాంగీకి అందరం వెళ్ళాం.

తెనాలి ఆవిడని మళ్ళీ చూసింది 2007లో, హైదరాబాదులో ఒక పెళ్ళిలో. తనే గుర్తుపట్టి వచ్చింది. బాలానగర్‌లో ఆయనకి పని దొరికిందనీ, మొదటి ఏడాది చాలా కష్టపడ్డామనీ, పాప తెలుగు రాయడం రాక బళ్ళో ఏడ్చేదనీ చెప్పింది. నేను తొమ్మిదేళ్ళుగా మోస్తున్నది ఆ పెళ్ళిపందిట్లో దింపుకున్నాను. ఆవకాయ సీసా సంగతి చెప్పి క్షమించమన్నాను. ఆవిడ ఆలోచించి "ఆవకాయా? ఏమో అక్కయ్యగారూ, గుర్తులేదు. ఆ వారం చేతికందినవన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను" అంది. తర్వాత, నవ్వుతూనే, "విమానాశ్రయానికి మాత్రం మీరు వస్తారనుకున్నాను. లోపలికి వెళ్ళేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను" అంది.

ఆ తర్వాత 2001లో, 2003లో సార్స్ వచ్చినప్పుడు, 2009లో, 2020లో కోవిడ్‌తో, ఉద్యోగాలు పోవడం ఈ ఊళ్ళో మళ్ళీ మళ్ళీ చూశాం. ఇప్పుడు ఫ్యాక్టరీల బదులు కంప్యూటరు కంపెనీలు, అట్టపెట్టె బదులు వీడియో కాల్. దాచుకోవడం మాత్రం అలాగే ఉంది.

కిందటి డిసెంబరులో మా వరండా చివరింటి అబ్బాయి చెప్పులు పగలంతా గుమ్మంలోనే కనబడ్డాయి. కరీంనగర్ అబ్బాయి, పెళ్ళయి రెండేళ్ళు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు ఒక చిన్న సీసాలో ఆవకాయ వేసుకుని వెళ్ళి, లోపల కూర్చుని, "బాబూ, ఉద్యోగం పోయిందా?" అని అడిగేశాను. ఆ పిల్లాడు భార్యవైపు చూశాడు. "వారమైంది ఆంటీ. మా నాన్నకి తెల్వదు" అన్నాడు. మా ఇంట్లో 1998లో ఏం జరిగిందో చెప్పాను. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్నగారికి ఫోను చేశాడు. మర్నాడు మన సభ్యుల్లో తెలిసిన పదిమందికీ మావారు కబురు పెట్టారు.

కథల్లోలాగా వెంటనే ఉద్యోగం దొరికిందని రాయాలని నాకూ ఉంది. దొరకలేదు. రెండు కంపెనీలు మాట్లాడాయి కానీ గడువులోగా పాసు పనవలేదు. జనవరిలో వాళ్ళు వెళ్ళిపోయారు. చాంగీకి ఆరు కుటుంబాలం వెళ్ళాం. మావారు ఆ అబ్బాయి పెట్టె తోసుకుంటూ చివరి గేటు దాకా నడిచారు. నేను వాళ్ళు కనబడినంతసేపూ చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

పిల్లలకి పనికొస్తాయని కొన్ని సంగతులు చెప్పి ముగిస్తాను. ఎంప్లాయ్‌మెంట్ పాస్ రద్దయితే ఇక్కడ ఉండటానికి సాధారణంగా 30 రోజులిస్తారు, కొత్త కంపెనీ కొత్త పాసుకి దరఖాస్తు పెట్టాలి. కాబట్టి మొదటి రోజే నలుగురికీ చెప్పండి, పదిహేనో రోజున కాదు. రెండేళ్ళ సర్వీసు ఉంటే రిట్రెంచ్‌మెంట్ పరిహారం అడగవచ్చు. ఒప్పందంలో లేకపోతే అది బేరమే, అయినా ఏడాదికి రెండు వారాల నుంచి నెల జీతం దాకా ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. సింగపూర్ పౌరులైతే 2025 ఏప్రిల్ నుంచి స్కిల్స్‌ఫ్యూచర్ కింద ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి, జీతం పరిమితికి లోబడి, ఆరు నెలల్లో 6,000 డాలర్ల దాకా సాయం ఉంది. మొహమాటపడకండి.

పెద్దవాళ్ళకి నా మనవి ఒక్కటే. వాళ్ళంతట వాళ్ళు చెబుతారని చూడకండి. మా తెనాలి ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఎవరింటి ముందైనా పగలు చెప్పులు కనబడితే వెళ్ళి అడగండి. ఏం తీసుకెళ్ళాలా అనుకుంటే మా ఇంటికి రండి, ఈ వేసవి ఆవకాయ రెండు సీసాలు ఎక్కువే పెడతాను.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.